ఆరో బీము

బడి వర్క్‌షాప్ గది,
జూలై 9

మామయ్యా,

ఉద్యోగంలో చేరి ఇరవై రోజులైంది. ఇన్నాళ్ళూ ఒక్క ముక్క రాయలేదని తిట్టుకునే ఉంటావు. ఫోన్ చేద్దామంటే నీ సొరంగం దగ్గర సిగ్నల్ లేదాయె. ఉన్నా లాభం లేదు, ఫోన్లో నువ్వు అన్నిటికీ "ఊఁ" అంటావు. ఉత్తరమైతే పేజీలకు పేజీలు రాస్తావు. అందుకని ఇది.

నేను చెప్పే సబ్జెక్టు పేరు టెక్నాలజీ, ఇంజనీరింగ్. తొమ్మిదో తరగతికి ఈ ఏడాదే కొత్తగా పెట్టారు. పుస్తకం ఇంకా అచ్చు కాలేదు, టీచర్ని మాత్రం ముందే అచ్చేసి పంపించారు. ముప్పై ఒక్కమంది పిల్లలు. ఇనప ముక్కల్ని బిగించి పట్టే వైసులు ఆరు. రెండు డ్రిల్లింగ్ మెషిన్లు, అందులో ఒకటి స్విచ్ వేస్తే దగ్గుతుంది కానీ తిరగదు. మా గది కింది అంతస్తులో, సరిగ్గా లైబ్రరీ కింద. నాలుగేళ్ళ కిందట పైన ఇంకో అంతస్తు వేసి దాన్ని లైబ్రరీ చేశారట. పైన ఎవరైనా కుర్చీ ఈడిస్తే నా బోర్డు దగ్గర సుద్దముక్క గంతులేస్తుంది.

మొదటి రోజు బల్ల మీద పాడైన టేబుల్ ఫ్యాన్లు పడేసి "విప్పండి" అన్నాను. ఒకడు చెయ్యెత్తి "దీనికి మార్కులెన్ని టీచర్?" అన్నాడు. "తిరిగితే పది, తిరక్కపోతే ఎందుకు తిరగలేదో చెబితే ఇరవై" అన్నాను. ఆ తర్వాత మొదలైంది చూడు గోల!

ఇద్దరి గురించి చెప్పాలి. ఒక పిల్ల వాళ్ళ నాన్న తాపీ మేస్త్రీ. అందరూ మేస్త్రీ కూతురా అనే పిలుస్తారు, ఆ పిల్లా గర్వంగానే పలుకుతుంది. ఏ గోడ దగ్గరికి వెళ్ళినా వేళ్ళతో తట్టి చెవి పెట్టి వింటుంది. ఇంకొకడు నిదానం. పేరు అది కాదు, కానీ ఒక్క స్క్రూ విప్పడానికి అరగంట తీసుకునేవాణ్ణి ఇంకేమని పిలుస్తారు?

నాకు కాలు ఒకచోట నిలవడం లేదు మామయ్యా. రోజూ గంట ముందే బడికొచ్చేస్తున్నాను. ఏడేళ్ళప్పుడు నా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి అమ్మమ్మ రేడియో విప్పమన్నావు చూడు, పాపం అంతా నీదే.

నీ గడుగ్గాయి


సొరంగం క్యాంపు, రెండో షెడ్డు,
జూలై 20

గడుగ్గాయికి,

ఆ రేడియో మళ్ళీ పలకలేదన్న సంగతి రాయడం మర్చిపోయావు. మా అమ్మ చేతిలో తిట్లు తిన్నది నేను.

ఉత్తరం అందింది. మా టపా సంచీ వారానికి రెండుసార్లు లారీలో కొండ దిగుతుంది, లారీకి మనసుంటే. ఇక్కడ నా పని చెబితే నీ పిల్లలు నవ్వుతారు. కొండ కడుపులో మేకులు దిగ్గొట్టి, ఈ మేకుకీ ఆ మేకుకీ మధ్య దూరం నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తగ్గిందో కొలవడం. కొండ కదులుతుంది. ఎంత కదులుతుందో తెలిసినంతకాలం భయం లేదు. కొలవడం మానేసిన రోజే భయం.

ఫ్యాన్ల పాఠం బాగుంది. విప్పడం నేర్పావు, ఇక కొలవడం నేర్పు. స్కేలు చేతికిచ్చి ఒకే బల్లని పదిమంది చేత కొలిపించు. పది అంకెలు వస్తాయి. అప్పుడు అసలు పాఠం మొదలవుతుంది.

మీ బడి ఏది? స్టేడియం పక్కదా, పాత బస్టాండు వెనకదా?

నీ మామయ్య


బడి వర్క్‌షాప్ గది,
ఆగస్టు 12

మామయ్యా,

పాత బస్టాండు వెనకదే. ఏం, నీకు తెలుసా?

పది అంకెల పాఠం చెప్పాను. పది కాదు, పన్నెండు వచ్చాయి. పిల్లలు కొట్టుకునేంత పని చేశారు. నిదానం ఒక్కడే "టీచర్, మూడుసార్లు కొలిస్తే నాకే మూడు వచ్చాయి, నన్ను నేను కొట్టుకోవాలా?" అన్నాడు. వాణ్ణి ఎత్తుకుని తిప్పాలనిపించింది.

అసలు సంగతికొస్తాను. మా గదికి ఫాల్స్ సీలింగ్ ఉంది. ఒక మూల పొగగొట్టం కోసం దాని పలక ఒకటి తీసేశారు. రెండు వారాల కిందట మేస్త్రీ కూతురు ఆ కంతలోంచి మెడ సాచి చూసి "టీచర్, బీము చీలింది" అంది. నిచ్చెన వేసుకుని ఎక్కాను. పిల్లరు దగ్గర మొదలై బీము మీద ఏటవాలుగా పైకి పాకిన పగులు. వెంట్రుక కంటే లావు. "ప్లాస్టర్ పగిలితే సాలెగూడులా ఉంటది, ఇట్లా ఒక్క గీత పక్కకి వాలితే మా నాన్న అక్కడ పని ఆపేస్తాడు" అంటుంది ఆ పిల్ల. ఆ పొగగొట్టం పక్క బీము గుమ్మం వైపు నుంచి లెక్కపెడితే ఆరోది. మొత్తం ఎనిమిది.

నువ్వు కొలవమన్నావుగా! పిల్లలే పరికరం చేశారు. రెండు పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్కలు. ఒకదాని మీద మిల్లీమీటరు గళ్ళు, ఇంకోదాని మీద కూడిక గుర్తు. పగులుకి అటొకటి ఇటొకటి, ఒకదాని మీద ఒకటి వచ్చేలా అంటించాం. పగులు వెడల్పయితే కూడిక గుర్తు గళ్ళ మీద జరుగుతుంది. ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చదువుతున్నాం. మొదట పెట్టిన రోజు వెడల్పు 0.3 మిల్లీమీటర్లు. వారం తర్వాత 0.4.

అది భయపడాల్సినదా, కాదా? హెడ్‌మిస్ట్రెస్ గారిని అడిగితే "పాత గోడలకి పగుళ్ళుండవా అమ్మా" అన్నారు. గోడ కాదండీ అంటే వినిపించుకోలేదు.

గడుగ్గాయి


సొరంగం క్యాంపు,
ఆగస్టు 24

గడుగ్గాయికి,

కంగారు పడకు. కాంక్రీటు ఊపిరి పీలుస్తుంది. ఎండకి సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. మీరు ఒకరోజు పొద్దున, ఇంకోరోజు మధ్యాహ్నం కొలిచి ఉంటారు. 0.1 తేడా అంటే అదే. ఎప్పుడూ ఒకే వేళకి కొలవండి, పక్కన థర్మామీటర్ పెట్టండి. తేడా మాయమవుతుంది.

పిల్లలు చేసిన పరికరం బాగుంది. కానీ ఒక పగులు పట్టుకుని ఏడాదంతా కూర్చుంటే సిలబస్ ఏమవుతుంది? పుల్లలతో వంతెన కట్టించి ఎవరిది ఎక్కువ బరువు మోస్తుందో పోటీ పెట్టు. ఆ వయసుకి అది చాలు.

ఇక్కడ వాన. లారీ రెండుసార్లు రాలేదు.

నీ మామయ్య


బడి వర్క్‌షాప్ గది,
సెప్టెంబరు 27

మామయ్యా,

నువ్వు చెప్పినట్టే చేశాం. రోజూ పొద్దున తొమ్మిదింటికి, థర్మామీటర్ పక్కన పెట్టి. నిచ్చెన ఎక్కేది నేనే, ఫోటో చదివేది వాళ్ళు. నిదానం అంతటితో ఆగలేదు. వారం రోజులు పొద్దున, మధ్యాహ్నం రెండు పూటలా చదివి, ఒక డిగ్రీ వేడికి ఎంత జరుగుతుందో విడిగా తేల్చాడు. నీ మాట నిజమే, పగులు ఊపిరి పీలుస్తోంది. ఆ ఊపిరి తీసేశాక మిగిలిన దాన్ని పిల్లలు గ్రాఫు గీశారు. అంకెలు ఇవి:

ఆగస్టు చివర 0.4. సెప్టెంబరు మొదటి వారం 0.4. రెండో వారం 0.45. మూడో వారం ఉన్నట్టుండి 0.7.

ఆ మూడో వారంలో ఏమైందని తరగతిలో అడిగాను. వాన పడిందా? డ్రిల్లింగ్ మెషిన్ ఎక్కువ వాడామా? ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. మేస్త్రీ కూతురు లేచి బయటికి పరిగెత్తింది. పది నిమిషాల తర్వాత ఆయాసపడుతూ వచ్చి "పైన కొత్త ఇనప బీరువాలు పెట్టారు టీచర్, నాలుగు, నిండా పుస్తకాలు. ఆ మంగళవారమే వచ్చాయంట, అటెండర్ చెప్పాడు" అంది.

నేను ఇంజనీరింగ్ చదివాను కానీ భవనాల ఇంజనీరుని కాదు. నా కుటుంబంలో భవనాల ఇంజనీరు ఒక్కడే. ఆయనకి ముప్పై ఏళ్ళ అనుభవం. అందుకే సూటిగా అడుగుతున్నాను. ఆ గదిలో ముప్పై ఒక్కమందిని కూర్చోబెట్టవచ్చా? ప్రస్తుతం వైసుల బల్లలన్నీ గుమ్మం వైపుకి జరిపించాను. ఎందుకు టీచర్ అంటే వెలుతురు కోసం అన్నాను. ఎవరూ నమ్మలేదు.

త్వరగా రాయి.

గడుగ్గాయి


సొరంగం క్యాంపు,
అక్టోబరు 6

చూడు,

ఆ కొలతలు ఆపేయి. పిల్లలు ఫోటోలు చూసి చదివిన అంకెలతో ఒక భవనం గురించి తీర్పు చెప్పడం ఇంజనీరింగ్ కాదు. దానికి అర్హత ఉన్నవాళ్ళు వేరే ఉన్నారు. బడి భవనాలకి తనిఖీ జరిగే ఉంటుంది, కాగితాలు ఉండే ఉంటాయి. నువ్వు కొత్తగా చేరినదానివి. హెడ్‌మిస్ట్రెస్‌తో గొడవ పెట్టుకుంటే మొదటి ఏడాదే ఉద్యోగం ఊడుతుంది.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది.

మామయ్య


ఇల్లు, వంటగది బల్ల,
అక్టోబరు 18

మామయ్యా,

నీ ఉత్తరం ఏడు వాక్యాలు. లెక్కపెట్టాను. "గడుగ్గాయికి" అని కూడా లేదు. మొదట ఒళ్ళు మండింది. తర్వాత ఎవరో నీ చేతిరాత దొంగిలించి రాశారేమో అనిపించింది. కొలవడం మానేసిన రోజే భయం అన్న మనిషి కొలవడం మానేయమంటాడా?

కాగితాలు ఉంటాయన్నావు కదా. ఉన్నాయి. హెడ్‌మిస్ట్రెస్ గారి గదికి వెళ్ళి మూడు రోజులు చెవిలో జోరీగలా తిరిగాను. చివరికి విసిగిపోయి బీరువా తీసి ఒక ఫైలు నా ముందు పడేశారు. "ఇదిగో, పై అంతస్తు తెరిచేముందు చేయించిన తనిఖీ. ఎనిమిది బీములూ బాగున్నాయని సర్టిఫికెట్. ఇంతకన్నా ఏం కావాలి నీకు?" అన్నారు. చూశాను. ఎనిమిది బీములు, ఒక్కోదాని పక్కన సుత్తి పరీక్ష అంకె. కింద అంతా సంతృప్తికరం అని ఒక వాక్యం. దాని కింద సంతకం, ఎవరో ఇంజనీరుది. నకలు ఒకటి అడిగి తెచ్చుకున్నాను.

అసలు అలాంటి సర్టిఫికెట్ ఎలా ఇస్తారు మామయ్యా? ప్రతి బీము దగ్గరికీ నిచ్చెన వేసుకుని ఎక్కుతారా? ఆ పద్ధతి నాకు చెప్పు. పిల్లలకి పాఠంగా చెబుతాను.

ఇంకో సంగతి. నవంబరు 24న మా సబ్జెక్టు ప్రదర్శన. పిల్లలు చేసినవన్నీ తల్లిదండ్రులకి చూపించాలి. పైనుంచి అధికారులు కూడా వస్తారు, వచ్చే ఏడాది ఈ సబ్జెక్టు ఉంచాలా తీసేయాలా అన్నది వాళ్ళ చేతిలో ఉంది. ప్రదర్శన ఎక్కడో తెలుసా? పైన లైబ్రరీలో. రెండు వందల మంది.

ఇవాళ్టికి 0.8.

నేను


సొరంగం క్యాంపు,
అక్టోబరు 30

గడుగ్గాయికి,

ఇక్కడ పోయిన వారం కొండ ఒక చోట తొందరపడింది. రెండు రోజులు పని ఆపించాం. కుర్రాళ్ళు విసుక్కున్నారు. మేకుల మధ్య దూరం చూపించి నోళ్ళు మూయించాను. ఇప్పుడు సర్దుకుంది. క్యాంటీన్ వంటమనిషి సెలవు మీద వెళ్ళాడు, మా సర్వేయరు వండుతున్నాడు. ఆయన కొలతలు వంటలో పనికిరావడం లేదు.

నువ్వడిగిన పద్ధతి. బీము దగ్గరికి చేరాలి. పూత గీకాలి. సుత్తి లాంటి పరికరం ఆనిస్తే లోపలి స్ప్రింగ్ వెనక్కి తన్నుతుంది, ఎంత తన్నిందో అంకె చూపిస్తుంది. కాంక్రీటు గట్టిదైతే అంకె ఎక్కువ. ఒక్కో బీము మీద పదీ పన్నెండు చోట్ల చూసి సగటు రాయాలి. పగుళ్ళుంటే గీసి చూపించాలి. పద్ధతి అది.

~~~~~~~~~~~~~~~~

పైన ఒక వాక్యం రాసి కొట్టేశాను. చదవడానికి ప్రయత్నించకు.

ప్రదర్శన ఇంకెక్కడైనా పెట్టమని హెడ్‌మిస్ట్రెస్‌ని అడుగు. మైదానంలో పందిరి వేయమను.

మీ అమ్మ ఎలా ఉంది?

మామయ్య


బడి వర్క్‌షాప్ గది,
నవంబరు 17, మంగళవారం

మామయ్యా,

నువ్వు కొట్టేసిన వాక్యం నేను చదవలేదు. కాగితాన్ని కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంటే కనబడేదే. పట్టుకోలేదు. నువ్వే చెబుతావని ఇన్నాళ్ళు చూశాను.

ఏడేళ్ళ నుంచి నీ ఉత్తరాలు చదువుతున్నాను. నీ సంతకం చివర తోక గాలిపటంలా పైకి లేస్తుంది. సర్టిఫికెట్ మీద పేరు చదవకముందే ఆ తోక చూశాను. హెడ్‌మిస్ట్రెస్ గారు ఏదో మాట్లాడుతున్నారు, నాకేమీ వినిపించలేదు. మంచినీళ్ళు అడిగి తాగాను. ఆ రోజే నీకు రాయాల్సింది. ఎవరో ఇంజనీరుది అని రాసి నిన్ను పరీక్షించాను. నేను చేసింది తప్పే. నువ్వు మాత్రం ఏం చేశావు? సర్వేయరు వంట గురించి రాశావు.

పగులు 1.1. మైదానంలో పందిరి అడిగాను. ఆహ్వానాలు అచ్చయిపోయాయట. "సర్టిఫికెట్ ఉండగా పిల్లల గ్రాఫు చూసి హాలు మారిస్తే నన్ను చూసి నవ్విపోతారు" అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆవిడ చేతిలో ఉన్న కాగితం నిజమని నమ్ముతున్నారు, అంతే. ఆ కాగితం ఇచ్చింది నువ్వు.

గురువారం సెలవు పెట్టి పట్నంలో భవనాల ఆఫీసుకి వెళ్తున్నాను. పిల్లల గ్రాఫు, ఫోటోలు, నీ సర్టిఫికెట్ నకలు తీసుకెళ్తున్నాను. చాటుగా చేశాననుకోకూడదని ముందే రాస్తున్నాను. ఇది నీకు చేరేసరికి అయిపోతుంది.

నీకు అపకారం చేస్తున్నానేమో. ఇంకో దారి కనబడలేదు.

నేను


మీ వర్క్‌షాప్‌లో, నీ బల్ల దగ్గర,
నవంబరు 19, గురువారం

గడుగ్గాయికి,

నీ దగ్గర్నుంచి మూడు వారాలుగా ఉత్తరం లేదు. లారీ రాలేదా, నువ్వు రాయలేదా తెలియదు. ఇరవై నాలుగో తేదీ మాత్రం బుర్రలోంచి పోలేదు. రెండు వందల మంది బరువు, నాలుగు బీరువాలు, పుస్తకాలు. లెక్క వేశాను. వేసిన ప్రతిసారీ అదే జవాబు వచ్చింది. ఉత్తరం రాస్తే అయిదు రోజులు పడుతుంది. అందుకని తెల్లవారగానే కంకర లారీ ఎక్కి వచ్చేశాను.

నువ్వు సెలవన్నారు. గది ఖాళీ చేయించాను. చెప్పాల్సింది రాసి పెడుతున్నాను.

నాలుగేళ్ళ కిందట ఆ తనిఖీ చేసింది నేను. నేను వచ్చేసరికి ఫాల్స్ సీలింగ్ బిగించేశారు. బీములు చూడాలంటే విప్పాలి. గుమ్మం వైపు మూడు బీముల దగ్గర ఇంకా బిగించలేదు, అవి చూశాను. మిగిలిన అయిదూ విప్పమన్నాను. కాంట్రాక్టరు "సార్, మళ్ళీ పది రోజులు పడుతుంది, ప్రారంభోత్సవం పెట్టేసుకున్నారు. మూడూ బాగున్నాయి కదా, అదే కాంక్రీటు, అదే పనివాళ్ళు" అన్నాడు. నాకు మర్నాడు ఇంకో ఊళ్ళో పని ఉంది. ఆఫీసుకెళ్ళి కుర్చీలో కూర్చుని అయిదు అంకెలు రాశాను. ఎవరూ బలవంతం చేయలేదు. లంచం లేదు. తొందర ఉంది, బద్ధకం ఉంది, ఏమవుతుందిలే అన్న ధీమా ఉంది.

నీ మొదటి ఉత్తరంలోనే లైబ్రరీ కింద గది అన్నావు. అందుకే మీ బడి ఏదని అడిగాను. అయినా వేడి వల్ల అని రాశాను, కొలతలు ఆపేయమని రాశాను. తనిఖీలో చేసిన తప్పు కన్నా నీకు ఆ మాటలు రాయడం పెద్ద తప్పు.

అక్కకి నేనే చెబుతాను. నువ్వు చెప్పకు.

మామయ్య


బడి, మామిడిచెట్టు కింద తరగతి,
నవంబరు 23

మామయ్యా,

నువ్వు నా కోసం ఆగలేదు. సాయంత్రం బస్సు దిగి బడికి వచ్చేసరికి అరగంట ముందే వెళ్ళిపోయావన్నారు. కోపం వచ్చింది, కాస్త ఊపిరి కూడా పీల్చుకున్నాను. ఎదురుపడితే ఏమనేదాన్నో నాకే తెలియదు.

పిల్లలు చెప్పింది చెప్పినట్టు రాస్తాను. నువ్వు మరచిపోయిన ముక్కలు ఇందులో ఉండొచ్చు.

బురద బూట్లతో ఎవరో ఒకాయన గుమ్మంలో నిలబడ్డాడట. గణితం మాస్టారు నా బదులు కూర్చుని ఉన్నారు. ఆయన "ఎవరండీ?" అంటే "భవనాల ఇంజనీరుని, ఆ గ్రాఫు చూడాలి" అన్నావట. మేస్త్రీ కూతురు గ్రాఫు తెచ్చి మొత్తం వివరించింది. నువ్వు మధ్యలో ఒక్క ప్రశ్న వేశావట, "వేడి వల్ల కాదని ఎలా తెలుసు?" అని. నిదానం లేచి నోటుబుక్కు తెరిచి పావుగంట చెప్పాడట. నువ్వు ఒక్కసారి కూడా ఆపలేదట. తర్వాత నిచ్చెన ఎక్కి చూసి, దిగి, "అందరూ సంచులు తీసుకుని మైదానంలోకి వెళ్ళండి, పైన లైబ్రరీలో ఉన్నవాళ్ళని కూడా రమ్మనండి" అన్నావట. అప్పుడు మేస్త్రీ కూతురు అడిగింది. "మరి బాగుందని రాసిందెవరు సార్?"

"నేనే" అన్నావట.

పిల్లలు ఆ మాట నాకు నాలుగుసార్లు చెప్పారు. ఒక్కొక్కళ్ళు ఒక్కోలా నటించి చూపించారు. నువ్వు అక్కడ వాళ్ళ ముందు నిలబడి "నేనే" అన్న గంటకి, నేను పట్నంలో ఆఫీసు బల్ల ముందు నీ సంతకం మీద వేలు పెట్టి "ఈయనే" అన్నాను. మూడు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి, ఈ గదికీ ఆ గదికీ తిప్పి, చివరికి ఒక పెద్దాయన గ్రాఫు చూసి కళ్ళజోడు తీశాడు. "ఇది ఎవరు గీశారు?" అంటే "తొమ్మిదో తరగతి పిల్లలు" అన్నాను. "ఈ సర్టిఫికెట్ ఇచ్చినాయన మీకు తెలుసా?" అన్నాడు. "మా మామయ్య" అన్నాను. ఆయన ఆ మాట కాగితం మీద రాసుకోలేదు. నేను చూస్తూనే ఉన్నాను, కలం ఎత్తి దించాడు.

ఇక భవనం సంగతి. నువ్వు వెళ్ళేముందు తెప్పించిన ఇనప జాకీలు ఆరో బీము కింద నిలబెట్టారు. మర్నాడు ఆఫీసు వాళ్ళు వచ్చి సీలింగ్ అంతా ఊడదీశారు. ఆరో బీము చివర పూత గీకితే లోపల కాంక్రీటు తేనెపట్టులా బోలుగా ఉంది. కంకర కనబడుతోంది, సిమెంటు అందలేదు. ఏడోది కూడా కొంచెం అంతే. బరువు పెరిగితే ఏమయ్యేదని నేను అడిగాను. వచ్చినాయన ఒకసారి పైకి చూసి, లైబ్రరీ వెంటనే ఖాళీ చేయమన్నాడు.

జాకీలు బిగించాక, ఒక్కసారికి ఇద్దరు చొప్పున పెద్దవాళ్ళు పైకెళ్ళి పుస్తకాలు కిందికి దించారు. మెట్ల కింద నుంచి మైదానం దాకా పిల్లలు వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ మోశారు. హెడ్‌మిస్ట్రెస్ గారు కూడా వరసలో నిలబడ్డారు. చివరి కట్ట అందుకున్నాక నా దగ్గరికి వచ్చి "చెవిలో జోరీగ అనుకున్నాను నిన్ను" అన్నారు. అంతే. క్షమాపణో ఫిర్యాదో తెలియలేదు.

ప్రదర్శన రద్దయింది. సబ్జెక్టు ఉంటుందో పోతుందో ఎవరూ చెప్పడం లేదు.

అమ్మకి నువ్వు ఫోన్ చేశావట కదా. ఆవిడ రెండు రోజులు నా ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు నేనే ఊరికి వెళ్తే "వాడి మీద నువ్వు ఫిర్యాదు పెట్టావా?" అంది. పెట్టానన్నాను. "పెట్టకపోతే నీతో ఇంకెప్పుడూ మాట్లాడేదాన్ని కాదు" అని లోపలికెళ్ళి ఏడ్చింది. నీ కోసం ఏడ్చిందో నా కోసమో అడగలేదు.

నీ మీద కోపం పోలేదు. పోయిందని రాస్తే అబద్ధం. ఇద్దరం కలిసి ఒక ఏడాదికి సరిపడా అబద్ధాలు రాసుకున్నాం, ఇక చాలు.

పిల్లలు ఇవాళ సర్టిఫికెట్ నకలు చూపించమన్నారు. చూపించాను. నిదానం చాలాసేపు చూసి "మొదటి మూడూ కొలిచినవి, తర్వాతి అయిదూ రాసినవి టీచర్" అన్నాడు. నేను వాడికి ఏ బీములు చూశావో చెప్పలేదు. ఎలా తెలిసిందిరా అన్నాను. "మొదటివి 31, 36, 28. తర్వాతవి 32, 33, 31, 33, 32. మన కొలతలు ఎప్పుడూ ఇంత బుద్ధిగా రాలేదు టీచర్" అన్నాడు.

వాడు నిన్ను ఒకటి అడగమన్నాడు. ఆ అయిదు అంకెలు రాసేటప్పుడు ఎలా ఎంచుకున్నారు అని. కోపంతో అడగలేదు. వాడికి నిజంగా తెలుసుకోవాలని ఉంది.

గడుగ్గాయి


ఒక ఆసుపత్రి మెట్ల మీద,
మార్చి 4

గడుగ్గాయికి,

మూడు నెలలు దాటినా జవాబు రాయలేదు. నిదానం ప్రశ్నకి జవాబు దొరకక. ముందు వార్తలు.

విచారణ అయింది. ఇక ఏ భవనం మీదా నేను సంతకం పెట్టకూడదు, ఎప్పటికీ. వాదించలేదు. సొరంగం వాళ్ళు నెలాఖరు దాకా ఉంచి పంపేశారు. ఇల్లు ఖాళీ చేసి మీ అమ్మ ఊళ్ళో గది తీసుకున్నాను. అక్క రోజూ భోజనం పెడుతుంది, మాట మాత్రం తూచి తూచి పెడుతుంది. మీ సబ్జెక్టు ఉంటుందని తెలిసింది. ఆ పెద్దాయన విచారణలో మీ గ్రాఫు గోడకి తగిలించి మాట్లాడాడు. అది చూస్తూ నా మీద తీర్పు విన్నాను. వంక పెట్టడానికి ఒక్క చుక్క దొరకలేదు.

ఇక నిదానానికి. ఇది తరగతిలో చదివి వినిపించు.

బాబూ, మొదటి మూడు అంకెలు చూశాను. సగటు ముప్పై రెండుకి దగ్గర. అన్నిటికీ ముప్పై రెండే రాస్తే అనుమానం వస్తుంది. అందుకని ఒకటి పెంచాను, ఒకటి తగ్గించాను. నిజమైన కొలత ఎలా ఎగుడుదిగుడుగా ఉంటుందో నాకు బాగా తెలుసనుకున్నాను. అప్పటికి ఇరవై ఆరేళ్ళుగా కొలుస్తున్నవాణ్ణి. అయినా చెయ్యి భయపడింది. 28 రాద్దామంటే బీము బలహీనమని ఎవరైనా అడుగుతారేమో, 36 రాద్దామంటే మరీ గొప్పగా ఉందేమో. మధ్యలోనే తచ్చాడాను. అయిదు అంకెలు రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ ఆరో బీము అసలు అంకె ఎంతో తెలుసా? మొన్న ఆఫీసు వాళ్ళు కొలిచారు, 19. ఆ అంకె నా ఊహలోకి రానే రాలేదు. అది కొలిస్తే తప్ప రాదు. నీ ప్రశ్నకి జవాబు ఇది. ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు.

గడుగ్గాయీ, ఇప్పుడు నీకు ఒక్కదానికే. ఆ విచారణలో వాళ్ళు నన్ను ఒక్క బడి గురించే అడిగారు. నేను ఇంటికొచ్చి పాత డైరీలన్నీ ముందేసుకున్నాను. మీ బడి కాక నలభై ఒక్క భవనాల మీద నా సంతకం ఉంది. ముప్పై నాలుగింటికి భయం లేదు, ప్రతి మూలా నా చేత్తో చూశాను. ఏడింటి దగ్గర, తనిఖీ చేశానన్న రోజున డైరీలో వేరే ఊరు రాసి ఉంది. ఏడింటి జాబితా ఆఫీసుకిచ్చాను. చూస్తామన్నారు. ఎప్పుడు చూస్తారంటే వరస ప్రకారం అన్నారు. నాకు ఇంట్లో కూర్చుంటే గోడలు కనబడుతున్నాయి. ఒకరోజు ఆగాను, రెండు రోజులు ఆగాను. ఇవాళ పొద్దున బస్సెక్కాను.

ఇది మూడంతస్తుల ప్రసూతి ఆసుపత్రి. దీని మెట్ల మీద కూర్చుని గంట నుంచి రాస్తున్నాను. లోపలికి తల్లులు వెళ్తున్నారు, పొత్తిళ్ళతో బయటికొస్తున్నారు. నా చేతిలో అధికారం లేదు. పరికరం లేదు. తరిమేస్తే అడ్డుచెప్పడానికి మాట కూడా లేదు. మొదటి వాక్యం ఏమని మొదలుపెట్టాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. అన్నిటిలోనూ "నేనే" అన్న మాట మొదట్లో రావడం లేదు, చివర్న వస్తోంది. అది ముందుకి జరపాలి.

వాచ్‌మన్ మూడోసారి వచ్చాడు. "ఎవరి కోసం సార్?" అన్నాడు. మొదటి రెండుసార్లు ఎవరి కోసమూ కాదన్నాను. ఇప్పుడు లేచాను. పెద్ద డాక్టరు గారిని కలవాలి, ఈ భవనం తనిఖీ చేసింది నేనే అన్నాను. "కూర్చోండి, పిలుస్తారు" అన్నాడు. కూర్చోలేను, నిలబడే ఉంటానన్నాను. ఈ చివరి ముక్కలు గోడకి కాగితం ఆనించి రాస్తున్నాను, అందుకే అక్షరాలు ఇలా వంకరపోయాయి.

పిలుస్తున్నారు.

మామయ్య